‘ఆర్డర్ పెట్టాం మేడమ్’: ఒక విడిభాగం కోసం కారు నెలల తరబడి ఆగిపోయిన కథ

2024 జనవరి చివరి వారంలో కారు ఆగిపోయింది. మళ్లీ నా చేతికి వచ్చేసరికి మే నెల సగం గడిచింది. ఈ మధ్యకాలంలో దాని మీద నిజంగా జరిగిన పనిని కలిపి చూస్తే ఒకటి రెండు పనిదినాలకు మించదు. మిగిలినదంతా ఎదురుచూపే. ఎక్కడెక్కడ ఎందుకు ఆగింది, ఎవరిని ఏమడిగితే కదిలింది, ఏ ఖర్చులు చెప్పాపెట్టకుండా వచ్చిపడ్డాయి అన్నది ఇప్పుడు ఇదే అవస్థలో ఉన్నవారికి పనికొస్తుందని రాస్తున్నాను.

నాది రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేరుబాక్స్ ఉన్న కారు. ఆఫీసు నుంచి వస్తూ సిగ్నల్ దగ్గర ఆగాను. పచ్చదీపం పడింది. యాక్సిలరేటర్ నొక్కితే ఇంజన్ శబ్దం పెరిగింది గానీ బండి అంగుళం కదలలేదు. స్పీడోమీటర్ పక్కన గేరు చూపించే అక్షరాలన్నీ ఒక్కసారిగా వెలుగుతూ ఆరుతున్నాయి. వెనుక హారన్ల మోత. ఇంజన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఒకటో గేరులో కొద్ది దూరం వెళ్లి, అదృష్టం కొద్దీ రోడ్డు పక్కకు చేరాక, పూర్తిగా మొండికేసింది. అంతకుముందు ఏ హెచ్చరికా లేదు. ఆ ఉదయం కూడా వెన్నలా నడిచింది.

రోడ్డు సహాయం వాళ్లకు ఫోన్ చేస్తే మొట్టమొదట అడిగింది, ముందు చక్రాలు లాగే బండా, నాలుగు చక్రాలూ లాగే బండా అని. ఈ ప్రశ్నకు జవాబు ప్రతి కారు యజమానికీ తెలిసి ఉండాలి. ముందు చక్రాలు లాగే ఆటోమేటిక్ బండిని ఆ చక్రాలు నేలమీద దొర్లుతుండగా ఈడ్చుకెళ్తే గేరుబాక్స్ లోపల మరింత చెడిపోవచ్చు. నాలుగు చక్రాలూ లాగేదైతే నాలుగూ నేల విడిచి ఉండాలి. అందుకే బండి మొత్తాన్ని పైకెక్కించే బల్లబండి కావాలని గట్టిగా చెప్పాను. అది వచ్చేసరికి రాత్రి తొమ్మిది దాటింది.

వచ్చాక ఇంకో చిక్కు. గేరు కడ్డీ ‘పార్క్’ నుంచి కదలనంటోంది. డ్రైవరు పెద్దమనిషి తాపీగా నా పక్కకు వచ్చి, కడ్డీ పక్కనున్న వేలిగోరంత ప్లాస్టిక్ మూతను తాళంచెవి కొసతో పైకి లేపారు. లోపల ఒక చిన్న రంధ్రం. “బ్రేకు తొక్కి పట్టుకోండమ్మా” అని, తాళంచెవిని అందులోకి దించి నొక్కుతూ కడ్డీని న్యూట్రల్‌లోకి లాగారు. అన్నేళ్లుగా నడుపుతున్న కారులో అలాంటి మూత ఒకటి ఉందన్న సంగతి నాకు ఆ క్షణం దాకా తెలియదు. చాలా ఆటోమేటిక్ కార్లలో ఇలాంటి ఏర్పాటు ఉంటుంది, అది ఎక్కడుందో కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. బండి ఎక్కించే ముందు ఆయనే మరో మాట చెప్పారు: నాలుగు వైపులా ఫొటోలు, కిలోమీటర్ల అంకె, పెట్రోలు ముల్లు ఎక్కడుందో ఫొటో తీసుకోండి అని. మే నెలలో ఆ ఫొటోలే అక్కరకొచ్చాయి, ఎలాగో తర్వాత చెబుతాను.

వర్క్‌షాపులో చేర్చిన మర్నాడే జాబ్ కార్డు ఇచ్చారు. కానీ బండిని చూసే వంతు రావడానికి దాదాపు వారం పట్టింది. స్కానర్ పెట్టి చూస్తే రెండు కోడ్‌లు వచ్చాయి: పీ0700, యూ0101. మొదటిది అసలు జబ్బు పేరు కాదు. గేరుబాక్స్ కంప్యూటర్ ఏదో లోపం నమోదు చేసుకుంది, వెళ్లి అక్కడ చూడు అని ఇంజన్ కంప్యూటర్ చెప్పే కబురు అంతే. రెండోది, గేరుబాక్స్ కంప్యూటర్‌తో మిగతా కంప్యూటర్లకు మాటలు తెగిపోయాయని. ఈ రెంటినీ చూసి వెంటనే పెద్ద భాగం మార్చాలని ఎవరైనా అంటే నమ్మనక్కర్లేదు. బ్యాటరీ నీరసించినా, కనెక్టర్‌లో తడి చేరినా, ఒక తీగ ఒరుసుకుపోయినా ఇవే కోడ్‌లు రావచ్చు. మా టెక్నీషియన్ ఆ వరస తప్పలేదు. బ్యాటరీ, ఫ్యూజులు, ఎర్త్ తీగ, కనెక్టర్ పిన్నులు అన్నీ చూశాకే గేరుబాక్స్ మీదకు వెళ్లాడు. చివరికి తేలింది మెకట్రానిక్ యూనిట్ పోయిందని. గేర్లు మార్చే కంప్యూటర్ బోర్డు, నూనె ఒత్తిడి పుట్టించే పంపు, ఆ ఒత్తిడిని దారి మళ్లించే వాల్వులు అన్నీ ఒకే దిమ్మగా ఉండే భాగం అది. లోపల చెడింది గోరంతే కావచ్చు, అయినా తయారీదారు అమ్మేది మొత్తం దిమ్మనే.

ఎస్టిమేట్ చూసి గుండె జారింది. కారు కొన్న ధరలో ఆరో వంతుకు దగ్గరగా ఉంది. మామూలు వారంటీ అయిపోయినా అదనపు వారంటీ కట్టి ఉండటంతో ఊపిరి పీల్చుకున్నాను. మామూలు మోటారు బీమా ఇలాంటి యంత్ర లోపాలకు డబ్బివ్వదు కాబట్టి ఆ వారంటీయే దిక్కు.

ఇక్కడి నుంచే అసలు కథ. ఫిబ్రవరి మొదటి వారంలో వర్క్‌షాపులో మనతో మాట్లాడే సర్వీసు అడ్వైజర్ “ప్రాసెస్‌లో ఉంది మేడమ్” అన్నాడు. భాగం ఎక్కడి నుంచో బయల్దేరిందని నేను అనుకున్నాను. ఎవరైనా అలాగే అనుకుంటారు, ఆ మాట పుట్టిందే అలా అనుకోవడానికి. నిజానికి ఆ రోజుల్లో ఆర్డరే పెట్టలేదు. వారంటీ ఇచ్చినవాళ్లు ఒప్పుకుంటే తప్ప వర్క్‌షాపు ఆర్డర్ పెట్టదు. వాళ్లు స్కానర్ నివేదిక, ఫొటోలు, ఇప్పటివరకు చేయించిన ప్రతి సర్వీసు బిల్లు అడిగారు. నూనె మార్పుల బిల్లులన్నీ మెయిల్‌లో ఉండబట్టి ఆ సాయంత్రమే పంపగలిగాను. అయినా ఒప్పుదల వచ్చేసరికి ఫిబ్రవరి మూడో వారం. అప్పుడు గానీ “ఆర్డర్ పెట్టాం మేడమ్, రెండు మూడు వారాలు” అన్న మాట వినలేదు.

ఆ ‘రెండు మూడు వారాలు’ అన్న గడువుకు ఒక గుణం ఉంది. అది ఎప్పుడూ ఫోన్ చేసిన రోజు నుంచే లెక్క. మార్చి మొదట్లో అడిగినా రెండు మూడు వారాలే, మార్చి మధ్యలో అడిగినా రెండు మూడు వారాలే. అవతల కుర్రాడు మర్యాదస్తుడు, ఒక్కసారీ విసుక్కోలేదు. కోప్పడదామంటే ఆ మర్యాదే అడ్డొచ్చేది. ఫోన్ పెట్టేశాక ఆ కోపం ఇంట్లోవాళ్ల మీద చూపించేదాన్ని.

ఎదురుచూపు అంటే ఖాళీగా కూర్చోవడం కాదు, అది రోజూ చేయాల్సిన పని. అమ్మ మోకాలికి ఫిజియోథెరపీ, ఉదయం పిల్లవాడి బడి, ఆఫీసు. ప్రతిదానికీ ముందురోజు రాత్రే ట్యాక్సీ లెక్కలు. వాన పడితే ట్యాక్సీ దొరకదు, దొరికినా ధర రెట్టింపు. సర్వీసు వాళ్లు తాత్కాలికంగా మరో కారు ఇస్తారా అని అడిగితే, అదనపు వారంటీలో ఆ సదుపాయం మొదటి కొద్ది రోజులకేనని, అదీ ఒప్పుదల వచ్చాకే మొదలవుతుందని తెలిసింది. అవి చిటికెలో అయిపోయాయి. మరోవైపు నడవని కారుకు వాయిదా ప్రతి నెలా బ్యాంకు ఖాతాలోంచి నిక్కచ్చిగా పోతూనే ఉంది. మార్చిలో బీమా పునరుద్ధరణ కూడా వచ్చిపడింది. ఎలాగూ నడవడం లేదు కదా, ఆపేద్దామా అని ఒక్క క్షణం అనిపించింది. కానీ వర్క్‌షాపులో ఉన్నప్పుడు నిప్పు అంటుకున్నా, దొంగతనం జరిగినా, ఎవరైనా గుద్దినా దిక్కు ఆ బీమాయే. మధ్యలో తెగితే మళ్లీ తనిఖీ తతంగం. కట్టేశాను.

మార్చి మూడో వారంలో ఫోన్లు మానేసి మెయిల్ రాయడం మొదలుపెట్టాను. మలుపు అదే. అడిగినవి కొన్నే: భాగం నంబరు, ఆర్డర్ నంబరు, ఆర్డర్ పెట్టిన తేదీ, అది ఏ రకం ఆర్డర్, ఇప్పుడు ఏ గోదాము దగ్గర ఉంది. కారు ఛాసీ నంబరు కూడా రాశాను. పదిహేడు అక్షరాలు, అంకెలు కలిసి ఉండే ఆ నంబరులో ‘ఓ’, ‘ఐ’, ‘క్యూ’ అక్షరాలు వాడరు, సున్నా, ఒకటి అంకెలతో కలగాపులగం కాకూడదని. ఫోన్‌లో చెప్పేటప్పుడు అవతలివారు సున్నాను ‘ఓ’ అని రాసుకుంటే వెతుకులాటలో మన కారే దొరకదు. కాబట్టి మెయిల్‌లో టైపు చేసి పంపడమే మేలు.

జవాబులో ఒక చిన్న మాట కంట పడింది: ‘స్టాక్ ఆర్డర్’. విడిభాగాల విభాగంలో పనిచేసిన బంధువును అడిగితే విషయం బోధపడింది. వర్క్‌షాపు తన అరల్లో సరుకు నింపుకోవడానికి పెట్టేది స్టాక్ ఆర్డర్. అది నిదానంగా, మిగతా సరుకుతో కలిసి వస్తుంది. ఒక బండి ఆ భాగం లేక రోడ్డెక్కలేని స్థితిలో ఉంటే పెట్టాల్సింది వేరు, దాన్ని వీఓఆర్ (వెహికల్ ఆఫ్ రోడ్) అంటారు. దానికి వరసలో ముందుచోటు ఉంటుంది, రవాణా ఖర్చు ఎక్కువ. నా బండి లిఫ్టు పక్కన దుమ్ము కొట్టుకుపోతుంటే, నా ఆర్డర్ మాత్రం అరలు నింపే వరసలో నిలబడి ఉంది! ఒళ్లు మండిపోయింది. ఎవరో కావాలని చేసింది కాకపోవచ్చు, ఆ ఖర్చు ఎవరు భరించాలన్న మీమాంసలో తేలిక దారి పట్టారేమో. కానీ ఒక నెల అందులోనే పోయింది. ఆ రోజే మెయిల్‌లో తయారీదారు కస్టమర్ విభాగాన్ని కూడా చేర్చి, వీఓఆర్‌గా మార్చమని రాశాను. రెండు రోజుల్లో మార్చారు.

మార్చినా భాగం ఉంటేగా రావడానికి. ప్రధాన గోదాములోనే లేదు, బ్యాక్‌ఆర్డర్‌లో ఉంది, అంటే సరుకు వచ్చాకే పంపే వరసలో. కారణం అడిగితే ఒకరు చిప్‌ల కొరత అన్నారు, మరొకరు ఎర్ర సముద్రం అన్నారు. రెండూ పుట్టించిన కబుర్లు కావు. 2021 మార్చిలో జపాన్‌లో నాకా అనే చోట రెనెసాస్ చిప్ కర్మాగారంలో నిప్పంటుకుని, అప్పటికే ఉన్న కొరత ముదిరింది. ఆ నెలలోనే ఎవర్ గివెన్ ఓడ సూయజ్ కాలువలో అడ్డం పడి దాదాపు ఆరు రోజులు దారి మూసేసింది. 2023 చివరి నుంచి ఎర్ర సముద్రంలో దాడులకు భయపడి చాలా ఓడలు ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న గుడ్ హోప్ అగ్రం చుట్టూ తిరిగి వెళ్లసాగాయి. అదంతా ఒప్పుకుందాం. కానీ ఆ చుట్టుదారికి అదనంగా పట్టేది పది రోజులు, మహా అయితే రెండు వారాలు. మూడు నెలల ఆలస్యాన్ని దాని నెత్తిన రుద్దితే ఎలా? పైగా గోదాములో లేని వస్తువు ఇంకా ఓడే ఎక్కలేదు. నాకు అర్థమైనంతలో అసలు సంగతి వేరు. ఖరీదైన, అరుదుగా పోయే భాగాలను ఎవరూ నిల్వ ఉంచుకోరు. తయారైనవాటిలో కొత్త కార్ల వరసకు పోగా మిగిలిందే మరమ్మతులకు వస్తుంది. ఇప్పటికే కారు కొన్నవాడు ఎక్కడికీ పారిపోడు కదా.

ఏప్రిల్ మొదట్లో ఓపిక నశించి వేరే దారులు చూశాను. ఇవే యూనిట్లను విప్పి బాగుచేసే ఒక బయటి మెకానిక్ దొరికాడు. వారంలో చేసిస్తానన్నాడు, ఎస్టిమేట్‌లో మూడో వంతు కూడా అడగలేదు. కానీ బయట చేయి పడితే అదనపు వారంటీ ఆ క్షణమే చెల్లదు. పాత కార్లు విప్పి అమ్మేచోట అదే యూనిట్ ఉందన్నారు. అది వేరే బండికి ముడిపడి ఉంటుంది, దాన్ని నా బండికి కోడింగ్ చేయడం, అంటే నా బండి వివరాలు అందులో ఎక్కించడం, కుదురుతుందన్న హామీ ఎవరూ ఇవ్వలేదు. వారంటీ లేకపోయి ఉంటే ఆ మెకానిక్ దగ్గరికి ఫిబ్రవరిలోనే వెళ్లేదాన్ని, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

ఆ వారంలోనే కారును చూడటానికి వెళ్లాను. వెళ్లబట్టి ఇంకో నష్టం తప్పింది, లేదా సగం తప్పింది. తలుపు రిమోట్‌కు పలకలేదు. బ్యాటరీకి మీటరు పెడితే 11 వోల్టుల చిల్లర చూపించింది. నిండుగా ఉన్న బ్యాటరీ ఏ పనీ చేయనప్పుడు 12.6 వోల్టులకు అటూఇటూగా ఉండాలి. ఆగి ఉన్న కారులోనూ అలారం, తాళాల రిసీవరు, కంప్యూటర్లు కొద్దికొద్దిగా విద్యుత్తు తాగుతూనే ఉంటాయి. వారాల తరబడి అలా ఎండిపోతే లోపలి సీసం పలకల మీద సల్ఫేటు గట్టిపడి, తర్వాత ఎంత ఛార్జి చేసినా బ్యాటరీ మునుపటిలా కోలుకోదు. ఛార్జి పెట్టించి, నెగటివ్ తీగ విప్పించి, ఆ సంగతి జాబ్ కార్డు మీద రాయించాను. టైర్లలో గాలి కూడా తగ్గింది, నింపించి బండిని కొద్దిగా ముందుకు తోయించాను, ఒకేచోట నొక్కుకుపోయి చదునెక్కకుండా. ఇవన్నీ వాళ్లే చూసుకుంటారని అనుకోవద్దు. వర్క్‌షాపుకు మరమ్మతు జరుగుతున్న కారే కనిపిస్తుంది, ఎదురుచూస్తున్న కారు కనిపించదు.

ఏప్రిల్ చివర్లో ఫోన్ వచ్చింది. “మేడమ్, మీ పార్ట్ వచ్చింది.” ఆ రోజు ఆఫీసులో స్వీట్లు పంచలేదు గానీ, పంచినంత పని చేశాను. సాయంత్రం వెళ్లి అట్టపెట్టె చూశాను. లోపల వెండి రంగు సంచిలో, నోళ్లకు ప్లాస్టిక్ మూతలు బిగించిన దిమ్మ. లేబుల్ మీది నంబరును నా మెయిల్‌తో పోల్చితే చివరి అక్షరం తేడా. మళ్లీ గుండె గుభేల్‌మంది. టెక్నీషియన్ నవ్వి, పాత నంబరు ఆపేసి దాని స్థానంలో సవరించిన నంబరు తెచ్చారని, బండికి సరిపోతుందని చెప్పాడు. కాకపోతే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి. సరే, రేపే బిగించేస్తారా అన్నాను.

బిగించలేదు. యూనిట్‌కూ గేరుబాక్స్‌కూ మధ్య వేసే సీలు, ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడని బోల్టులు, లోపల పోసే నూనె యూనిట్‌తో రావు. అవి వేరే నంబర్లు, వేరే ఆర్డర్లు. నూనె ఉంది, బోల్టులు ఉన్నాయి, సీలు లేదు. పెద్ద దిమ్మ కోసం నెలలు నిరీక్షించి, అది వచ్చాక అరచేతిలో ఇమిడే సీలు కోసం మళ్లీ వారానికి పైగా ఆగాను. నెలలన్నిటిలోకీ నన్ను ఎక్కువ ఏడిపించింది ఈ వారమే. ఎస్టిమేట్ వేసే రోజే అడగాల్సిన ప్రశ్న ఇది: ఈ పనికి ఒక్కసారే వాడే భాగాలు ఏమేమి కావాలి, అవన్నీ ఇదే ఆర్డర్‌లో ఉన్నాయా? అడగడమే కాదు, పేర్లు, నంబర్లు కాగితం మీద రాయించుకోండి.

మే రెండో వారంలో సీలు వచ్చింది. బిగింపు సగం రోజు పని. ఆ తర్వాత కోడింగ్. కొత్త యూనిట్ ఖాళీ బుర్రతో వస్తుంది, తయారీదారు సర్వర్‌కు కలిపి నా బండి వివరాలు అందులో ఎక్కించాలి. ఆ సమయంలో వోల్టేజి పడిపోతే కొత్త యూనిట్ కూడా పాడైపోవచ్చని బయటి నుంచి విద్యుత్తు ఇచ్చే పరికరం తగిలించారు. మధ్యాహ్నం సర్వర్ అందలేదు. సాయంత్రానికి అందింది. తర్వాత క్లచ్‌లు ఎక్కడ పట్టుకుంటున్నాయో యూనిట్ నేర్చుకోవడానికి టెక్నీషియన్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బండి నడిపాడు. మొదటి బ్రేకుకే కీచుమని అరుపు, డిస్కుల మీద తుప్పు. కొన్ని కిలోమీటర్లకు అది పోయింది. టైర్ల దడదడ కూడా కాసేపటికి సర్దుకుంది.

బిల్లులో యూనిట్, కూలి వారంటీ వాళ్లవి. నూనె, సీలు, బోల్టులు నావి. ఇవి కాక రెండు పద్దులు కనిపించాయి: కొత్త బ్యాటరీ, నిలిపి ఉంచినందుకు అద్దె. బ్యాటరీ గురించి ఏప్రిల్‌లో జాబ్ కార్డు మీద రాయించిన వాక్యం చూపించాను, సగం తగ్గించారు. అద్దె గురించి ఆర్డర్ రకం మార్పించిన మెయిల్ చూపించాను, మాట్లాడకుండా కొట్టేశారు. వెనుక బంపరు మీద కొత్త గీత కనిపించింది, ముందు నుంచే ఉందన్నారు. బల్లబండి డ్రైవరు తీయించిన ఫొటోలు తెరిచాను. పాలిష్ చేసిచ్చారు. పెట్రోలు మాత్రం ముల్లు పావు వంతు కిందికి దిగింది, పరీక్షలకు వాడామన్నారు. దాని జోలికి పోలేదు.

వారంటీ గడువును ఆగిన నెలల మేరకు పొడిగించమని రాసిన అర్జీకి ఇంకా జవాబు రాలేదు. కొత్త యూనిట్‌కు విడిగా ఎంతకాలం హామీ ఉందో బిల్లు మీద రాయించుకున్నాను, అది అడిగితే తప్ప రాయరు. ఉదయం ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు నుంచి మూడుకు మారేటప్పుడు చిన్న కుదుపు ఉంది. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక తెస్తే మళ్లీ సరిచేస్తామన్నారు. దానికి కొత్త భాగమేమీ అక్కర్లేదు కదా అని అడిగాను. అక్కర్లేదనే చెప్పారు. ఆ మాట మెయిల్‌లో రాయమన్నాను.